తారిణి సెప్టెంబరులోనే ఎందుకు బయల్దేరింది?

కిందటి నెల మా టెస్ట్ సిరీస్‌లో వచ్చిన ప్రశ్న ఇది: "ఐఎన్ఎస్‌వీ తారిణి భూప్రదక్షిణ ప్రాముఖ్యాన్ని చారిత్రక నేపథ్యంలో చర్చించండి." నేనేం రాసి ఉంటానో మీరు ఊహించగలరు. ఆరుగురు మహిళా అధికారులు, 254 రోజులు, మూడు మహాసముద్రాలు, నారీ శక్తి పురస్కారం, మహిళా సాధికారత. పేజీ నిండింది. దిద్దినాయన అంచున ఎర్ర ఇంకుతో ఒక్క ముక్క రాశారు: "సెప్టెంబరులోనే ఎందుకు?"

ఆ ముక్కకు నా దగ్గర జవాబు లేదు. మీ నోట్సు తీసి చూడండి, మీ దగ్గరా ఉండకపోవచ్చు. తారిణిని మనం కరెంట్ అఫైర్స్ కింద రాసుకున్నాం, పక్కన తేదీలు వేసుకున్నాం, ఆ తేదీలు అవే ఎందుకయ్యాయో అడగలేదు. అడిగితే నాలుగు వందల ఏళ్ల చరిత్ర బయటపడుతుంది. అందులో మచిలీపట్నం ఉంది, కోరంగి ఉంది, మన పక్కనున్న కలకత్తా కూడా ఉంది. ఈ వ్యాసం ఆ ఎర్ర ఇంకు ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ముందు తెలిసిన సంగతులు ఒకసారి. తారిణి దాదాపు 17 మీటర్ల తెరచాప పడవ. గోవాలో కట్టారు, 2017 ఫిబ్రవరిలో నౌకాదళంలో చేరింది. మా ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. దాని పక్కన తారిణి లాంటి పడవల్ని వరసగా నిలబెడితే అరవైకి పైగా పడతాయి. అంత చిన్నది. అందులో సారథి లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి, ఆమెతో ప్రతిభా జమ్వాల్, పి. స్వాతి, ఐశ్వర్య బొడ్డపాటి, విజయాదేవి, పాయల్ గుప్తా. స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లన్న మాట. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ రేవుల్లో ఆగి, 2018 మే 21న గోవాకు తిరిగి వచ్చారు. ఆ రోజుల్లో మన యుద్ధనౌకల మీద మహిళా అధికారులకు నియామకాలు దాదాపు లేవు. నౌకాదళంలో మహిళలకు పర్మనెంట్ కమిషన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2020 మార్చిలో వచ్చింది. అంటే యుద్ధనౌక ఎక్కనివ్వని చేతులకే కేప్ హార్న్ దాటే చుక్కాని అప్పగించారు. ఈ వైరుధ్యాన్ని జవాబులో రాయండి, మార్కులు పడతాయి. కానీ సెప్టెంబరు సంగతి దీంతో తేలదు.

భూమి నడుము, భూమి మెడ

లెక్కతో మొదలుపెడదాం. భూమధ్యరేఖ మీద ఒక్కో డిగ్రీ రేఖాంశం 60 నాటికల్ మైళ్లు. 360 డిగ్రీలకు 21,600. తెరచాప మీద భూప్రదక్షిణ చేశామని చెప్పుకోవాలంటే కనీసం అంత దూరం పోవాలని, రేఖాంశాలన్నీ దాటాలని, భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలని, కాలువల్లో అడ్డదారి తొక్కకూడదని నియమం. ఆ 21,600 అంకె ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా.

ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరపడతాయి. మా ఖరగ్‌పూర్ అక్షాంశం మీద ఒక డిగ్రీ 103 కిలోమీటర్లు. కేప్ హార్న్ ఉన్న 56 డిగ్రీల దక్షిణంలో అదే డిగ్రీ 62 కిలోమీటర్లు. పైగా అక్కడ గాలి పడమటి నుంచి తూర్పుకు ఏడాది పొడవునా వీస్తుంది. దాన్ని ఆపడానికి దక్షిణ అమెరికా కొస తప్ప పెద్ద నేల లేదు. భూగోళం పుస్తకంలో గర్జించే నలభైలు, ప్రచండ యాభైలు అని చదివారే, అవే ఇవి. దారి పొట్టి, గాలి వెనకనుంచి. చిన్న పడవ అంత దక్షిణానికి పోవడం సాహసం చూపించుకోవడానికని నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి అది దగ్గరి దారి. మంచు, తుపాను, ఒంటరితనం ఆ దగ్గరి దారికి కట్టే ఛార్జీ.

ఈ బేరాన్ని మొదట లెక్కగట్టి లాభపడింది డచ్చివాళ్లు. 1611లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి నావికుడు గుడ్ హోప్ అగ్రం దాటాక, అలవాటుగా ఈశాన్యానికి తిరగకుండా దక్షిణానికి దిగి, పడమటి గాలిని పట్టుకుని తూర్పుకు పోయి, తర్వాత ఉత్తరానికి మళ్లి జావా చేరాడు. ప్రయాణ కాలం దాదాపు సగానికి తగ్గింది. కొన్నేళ్లకే డచ్చి ఈస్టిండియా కంపెనీ తన నౌకలన్నింటికీ ఆ దారినే విధించింది.

మచిలీపట్నంతో దీనికేం సంబంధమని అడుగుతారు. అదే కంపెనీ అంతకు కొద్ది ఏళ్ల ముందే మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుంది. ఇండోనేషియా దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే వెండి కన్నా కోరమాండల్ బట్టే బాగా చెల్లేది. మన సాలీలు, దేవాంగులు నేసిన బట్ట బటావియా వెళ్లి సుగంధద్రవ్యమై యూరప్ చేరేది. ఆ బటావియాకు యూరప్ నుంచి ఖాళీ గిడ్డంగులతో, డబ్బుతో వచ్చే నౌకలు గర్జించే నలభైల మీదుగానే వచ్చేవి. కోరమాండల్ వస్త్ర వ్యాపారం మీద మీరు రాసే జవాబులో ఈ గాలి ప్రస్తావన ఎక్కడా ఉండదు. ఒక వాక్యం చేర్చి చూడండి.

ఆ దారిలో ఒక లోపం ఉంది. ఎంత తూర్పుకు వచ్చామో తెలిస్తేనే ఎక్కడ ఉత్తరానికి మళ్లాలో తెలుస్తుంది. సముద్రంలో రేఖాంశాన్ని సరిగ్గా కొలిచే సాధనం అప్పటికి లేదు. మళ్లడం ఆలస్యమైతే ఎదురుగా ఆస్ట్రేలియా పడమటి తీరపు దిబ్బలు. 1629లో బటావియా అనే పేరున్న నౌకే అక్కడ పగిలిపోయింది. నమ్మకమైన సముద్ర గడియారం కోసం ఆ తర్వాత ఇంకో నూరేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది.

కోరంగి నేర్పిన పాఠం, కలకత్తా రాసుకున్నది

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి. ఖరగ్‌పూర్‌లో సముద్రం లేదు. కానీ ఐఐటీలో 1950ల నుంచీ నౌకా నిర్మాణ శాస్త్రం చెబుతున్నారు. ఊళ్లో ఉన్న తెలుగువాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలోవే. మా ముత్తాత కళింగపట్నం దగ్గరి పల్లెనుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఈస్ట్ కోస్ట్ లైను ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి రావడంతో వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ కింద చేరాయి, మనవాళ్లకు ఆ దారి తెరుచుకుంది. అంతకు ముందు ఆ తీరంలో బతుకుదెరువు వెతుక్కునేవాడు చూసింది సముద్రం వైపే. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలని పిలిచేవారు, ఏ ఊరివాళ్లయినా సరే. గోదావరి పాయ మీదున్న ఆ ఒక్క రేవు పేరు అంత దూరం పాకింది. అక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు.

ఆ కోరంగి 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెనలో మునిగింది. రెండో దెబ్బ తర్వాత మళ్లీ లేవలేదు. కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణ కోర్టు అధ్యక్షుడుగా ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి తుపానుల్లో చిక్కిన నౌకల లాగ్ పుస్తకాలన్నీ పోగేసి చదివాడు. ఎక్కడ, ఏ గంటకు, ఏ దిక్కునుంచి గాలి వచ్చిందో పటం మీద గుర్తుపెట్టాడు. చూస్తే తుపాను పాములా చుట్టచుట్టుకుని తిరుగుతోంది. చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి 1848లో ఆయన చేసిన పేరే సైక్లోన్. ఈ మాట బంగాళాఖాతపు శవాల లెక్కలోంచి పుట్టిందని గుర్తుపెట్టుకోండి.

ఆయన పుస్తకంతో పాటు పారదర్శకమైన కొమ్ము పలకలు రెండు ఇచ్చేవారు. ఒకటి ఉత్తరార్ధ గోళానికి, ఇంకోటి దక్షిణార్ధ గోళానికి, ఎందుకంటే అక్కడ తుపాను ఎదురు దిశలో తిరుగుతుంది. నావికుడు పలకను పటం మీద పెట్టి, తనకు తగులుతున్న గాలి దిక్కును బట్టి తుపాను కన్ను ఎటుందో, ఎటు తప్పుకోవాలో చూసుకోవచ్చు. ఉపగ్రహ చిత్రం చేసే పనిని కొమ్ము ముక్క చేసింది. (ఇదే పిడింగ్టన్ కలకత్తా దక్షిణాన మాట్లా నది మీద రేవు కట్టొద్దని, ఉప్పెనకు కొట్టుకుపోతుందని 1853లో గవర్నర్ జనరల్‌కు బహిరంగ లేఖ రాశాడు. కట్టారు, కానింగ్ అని పేరు పెట్టారు. 1867 తుపానులో దెబ్బతింది. విపత్తు నిర్వహణ జవాబుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.)

అదే దశాబ్దంలో అమెరికాలో మాథ్యూ మౌరీ వేలాది లాగ్ పుస్తకాల నుంచి ఏ నెలలో ఏ సముద్రంలో ఏ గాలి వీస్తుందో పటాలు వేశాడు. ఇంగ్లండ్‌లో జాన్ టౌసన్ గోళం మీద అతి దగ్గరి దారిని లెక్కగట్టే పట్టికలు తయారుచేశాడు. టౌసన్ లెక్కను మీరే చేసి చూడండి. గ్లోబు మీద లిటిల్టన్ నుంచి కేప్ హార్న్‌కు దారం బిగించి పట్టండి. లిటిల్టన్ 43 డిగ్రీలు దాటిన దక్షిణంలో ఉంది, హార్న్ 56లో. కానీ దారం ఆ రెండింటి మధ్యనే ఉండదు. కిందికి జారి అంటార్కిటిక్ వృత్తాన్ని కూడా దాటి 67, 68 డిగ్రీల దాకా పోతుంది. అది మంచు. అందుకని నావికుడు ముందే ఒక గీత గీసుకుంటాడు: ఈ అక్షాంశానికి కిందికి దిగను. ఆ గీత దాకా దగ్గరి దారిలో దిగి, గీత వెంట తూర్పుకు పోయి, మళ్లీ పైకెక్కుతాడు. గీత ఎంత దక్షిణంగా ఉంటే దారి అంత పొట్టి, ప్రమాదం అంత దగ్గర. యాత్ర ప్రణాళికలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే, దాన్ని రేవులో కూర్చుని ప్రశాంతంగా తీసుకోవాలి. 50 నాట్ల గాలిలో అలసిన బుర్రతో తీసుకునేది కాదు.

క్రాసింగ్ ఎక్కడ పడుతుంది?

ఇప్పుడు సెప్టెంబరు. రైల్వే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సింగిల్ లైను మీద బండి ఎన్నింటికి బయల్దేరాలో బయల్దేరే స్టేషన్‌ను బట్టి తేలదు. దారిలో క్రాసింగ్ ఎక్కడ పడుతుందో చూసి వెనక్కి లెక్కేస్తారు. తారిణికి ఆ క్రాసింగ్ కేప్ హార్న్. దక్షిణార్ధ గోళంలో జనవరి నడి వేసవి. పగలు పొడుగు, మంచు వెనక్కి తగ్గి ఉంటుంది, తుపానుల తీవ్రత కొంత తక్కువ. కాబట్టి జనవరిలో హార్న్ దాటాలి. దానికి లిటిల్టన్ డిసెంబరులో వదలాలి, ఫ్రీమాంటిల్ నవంబరులో. గోవా నుంచి ఫ్రీమాంటిల్‌కు ఆరు వారాలు. వెనక్కి లెక్కేస్తే సెప్టెంబరు రెండో వారం దగ్గర ఆగుతాం. గోవాలో నైరుతి అప్పటికి నెమ్మదిస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుల కాలం నవంబరుకు గానీ మొదలవదు.

తారిణి సరిగ్గా అలాగే నడిచింది. డిసెంబరు 12న లిటిల్టన్ వదిలి పసిఫిక్ మీదుగా వచ్చి జనవరి మూడో వారంలో హార్న్ దాటింది. అంత లెక్క వేసినా ఆ దారిలో 60 నాట్ల గాలి కొట్టింది, అంటే గంటకు 110 కిలోమీటర్లు. నడి వేసవిలో అది. జూలైలో పోతే ఏమయ్యేదో దాన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

తిరుగు దారికీ గడువుంది. జూన్‌లో నైరుతి విరుచుకుపడక ముందే పడమటి తీరం చేరాలి. ఇంటి దగ్గర వానాకాలం ఒకవైపు, అక్కడి చలికాలం ఇంకోవైపు, నడుమ ఉన్న సందు తొమ్మిది నెలలు. మన మిగతా యాత్రల తేదీలు దీని పక్కన పెట్టి చూడండి. ఒంటరిగా భూమి చుట్టిన తొలి భారతీయుడు దిలీప్ దోందే 2009 ఆగస్టు 19న ముంబై నుంచి వెళ్లి 2010 మే 19న తిరిగొచ్చాడు. ఎక్కడా ఆగకుండా చుట్టిన అభిలాష్ టామీ 2012 నవంబరు 1న వెళ్లి 2013 మార్చి 31న వచ్చాడు. తారిణి సిబ్బందికి శిక్షణ ఇచ్చింది దోందేనే. ముగ్గురూ ఒకే సందులోంచి దూరారు.

కాలం మన చేతిలో లేనప్పుడు ఏం చేస్తారనడానికి 1916 ఉంది. షాకిల్టన్ నౌక మంచులో నలిగి మునిగాక, ఎలిఫెంట్ దీవి నుంచి సాయం కోసం ఏడు మీటర్ల జేమ్స్ కెయిర్డ్ పడవలో బయల్దేరారు. ఏప్రిల్ 24, అక్కడ చలికాలం ముంచుకొస్తున్న వేళ. అందులోనూ ఆరుగురే. దగ్గరి ఊరు ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ, 540 మైళ్లు. వాళ్లు ఎంచుకున్నది 800 మైళ్ల దూరంలోని సౌత్ జార్జియా. స్టాన్లీకి పోవాలంటే పడమటి గాలికి అడ్డం పడాలి, సౌత్ జార్జియా గాలివాలులో ఉంది. తిండి నాలుగు వారాలకే కట్టుకున్నారు. అప్పటికి చేరకపోతే ఇక చేరమని షాకిల్టన్ లెక్క. వడ్రంగి మెక్‌నిష్ పడవ అంచులు ఎత్తు చేసి పైన కాన్వాసు కప్పాడు. వర్స్‌లీ సూర్యుణ్ణి చూసి కొలత తీయగలిగింది దారి మొత్తంలో నాలుగే సార్లు. మే 10న చేరారు. ఈ కథను అందరూ ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఆ 540, 800 అంకెల దగ్గరే చూపు ఆగుతుంది. దూరపు ఊరిని దగ్గరి ఊరుగా చూడగలగడం అక్కడ ఆరుగురినీ, దీవిలో వదిలి వచ్చిన ఇరవై రెండు మందినీ కాపాడింది.

అన్నిటికీ సరిపోయే తేదీ ఒకటి ఉంటుందని మాత్రం అనుకోకండి. 2018 గోల్డెన్ గ్లోబ్ రేసు జూలై 1న ఫ్రాన్స్‌లో మొదలైంది. ఆ తేదీన బయల్దేరితే హార్న్ వేసవిలో పడుతుంది, బాగానే ఉంది. కానీ దక్షిణ హిందూ మహాసముద్రం సెప్టెంబరులో, చలికాలం తోకలో పడుతుంది. అభిలాష్ టామీ పడవ తురియా సెప్టెంబరు 21న అక్కడే తుపానుకు తిరగబడి స్తంభం విరిగింది. ఆయన వెన్నెముక దెబ్బతిని పడవలోనే కదల్లేకుండా పడి ఉన్నాడు. ఫ్రెంచి మత్స్యశాఖ గస్తీ నౌక ఒసిరిస్ మూడు రోజుల తర్వాత ఎక్కించుకుంది. ఆయనకన్నా అనుభవమున్న భారతీయ నావికుడు అప్పటికి లేడు. ఒక క్రాసింగ్ సుఖంగా పడాలంటే ఇంకో క్రాసింగ్ కష్టంగా పడుతుంది. ఆ కష్టాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నదే నిర్వాహకుల ఎంపిక. ఆయన అదే రేసును 2022లో మళ్లీ మొదలుపెట్టి 2023లో రెండో స్థానంలో ముగించాడని కూడా రాసుకోండి.

తారిణి లెక్క కూడా పూర్తిగా నిలవలేదు. కేప్‌టౌన్ తర్వాత నేరుగా గోవా రావాలి. చుక్కాని యంత్రాంగం చెడిపోయి, అనుకోని ఐదో రేవుగా 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లో ఆగారు. హార్న్ దాటిన పడవ, కష్టమంతా అయిపోయిందనుకున్న వెచ్చని నీళ్లలో ఆగింది. అయినా మే 21కి ఇల్లు చేరగలిగారంటే, వానాకాలానికి ముందు ఆ పది పన్నెండు రోజుల వెసులుబాటు తేదీల్లో మిగలబట్టే.

నా జవాబు పత్రంలో ఇప్పుడు ఈ చివరి సంగతి కూడా చేరుస్తాను. అదే తారిణిలో లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే 2024 అక్టోబరు 2న గోవా వదిలారు. తారిణి మొదటి యాత్ర కన్నా మూడు వారాలు ఆలస్యంగా. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్, అవే రేవులు, అదే వరస. 2025 మే 29న గోవాలో రక్షణమంత్రి స్వాగతం పలికారు. మామూలు లెక్కన వానకు ఇంకా వారం గడువుండాలి. ఆ ఏడు నైరుతి మే 24నే కేరళను తాకి, 26కల్లా ముంబై చేరిపోయింది.